గట్టి కలపా, మెత్తని కలపా? – కిటికీ అడిగే ప్రశ్న

వానాకాలం వెళ్ళిన తరువాత ఒక పని చేయండి. మీ ఇంట్లో పాత చెక్క కిటికీ ఉంటే దాని రెక్క అంచులను వేలితో నొక్కి చూడండి. పై అంచు, పక్క అంచులు గట్టిగానే ఉంటాయి. కింది మూల మాత్రం చాలా ఇళ్ళలో మెత్తబడి ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే చాలు, లోపలికి దిగిపోతుంది. పైన రంగు మాత్రం ఏమీ ఎరగనట్టు నిగనిగలాడుతూనే ఉంటుంది!

అటువంటి కిటికీని తీసేసి కొత్తది పెట్టించాలని మీ ఇంట్లో పెద్దలు అనుకున్నారనుకుందాం. కలప అడితికి వెళ్ళారు. అక్కడ రెండు రకాలు చూపించారు. "ఇది టేకు, హార్డ్‌వుడ్. అది పైన్, సాఫ్ట్‌వుడ్. ఇది గట్టిది, అది మెత్తది" అన్నారు. ధరల్లో కూడా చాలా తేడా ఉంది. గట్టిదంటే చిరకాలం మన్నేదనీ, మెత్తదంటే తొందరగా పాడయ్యేదనీ ఎవరైనా అనుకుంటారు. చేతిలో డబ్బుంటే మొదటిది, లేకపోతే రెండవది – లెక్క ఇంతటితో తేలిపోయినట్టు కనిపిస్తుంది.

కాని ఈ లెక్కలో ఒక పొరపాటు ఉంది. దానివల్ల కొందరు ఎక్కువ డబ్బు పోసి కూడా కొద్ది సంవత్సరాల్లోనే పుచ్చిపోయే కిటికీని ఇంటికి తెచ్చుకుంటారు. మరికొందరు చవక కలపనే తెలివిగా వాడుకుని ఏళ్ళ తరబడి నిశ్చింతగా ఉంటారు. ఆ పొరపాటు ఏమిటో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కరలేదు. మీ వృక్షశాస్త్రం పాఠమే చాలు.

పేర్లు చేసే మోసం

హార్డ్‌వుడ్‌ను మన పుస్తకాల్లో కఠిన దారువు అనీ, సాఫ్ట్‌వుడ్‌ను మృదు దారువు అనీ అంటారు. పేర్లు వింటే ఎవరో ప్రతి కలపనూ సుత్తితో కొట్టి చూసి రెండు కుప్పలుగా పోశారేమో అనిపిస్తుంది. నిజానికి ఈ విభజనకు గట్టిదనంతో సంబంధం లేదు. చెట్టు ఏ వంశానిది అన్నదే ఇక్కడ ప్రశ్న.

పూలు పూసి, కాయ లోపల గింజను దాచుకునే మొక్కలు ఆవృత బీజాలు. వాటిలో ద్విదళ బీజపు చెట్ల కలపంతా కఠిన దారువే. టేకు, వేప, మామిడి, తుమ్మ, మద్ది, బూరుగు అన్నీ ఈ జాబితాలోకే వస్తాయి. గింజను కాయలో దాచకుండా పొలుసుల మధ్య బయటికే ఉంచే మొక్కలు వివృత బీజాలు. పైన్, దేవదారు, ఫర్ వంటి శంకు ఆకారపు కాయల చెట్లు ఇవి. వాటి కలపంతా మృదు దారువు.

ఇప్పుడు ఒక తమాషా చూడండి. కొండపల్లి బొమ్మలు మీరు చూసే ఉంటారు. వాటిని తెల్లపొణికి కర్రతో చేస్తారు. చాలా తేలిక, చిన్న ఉలితో ఇట్టే చెక్కవచ్చు. గోటితో నొక్కితే గుర్తు పడుతుంది. అయినా తెల్లపొణికి పూలు పూసే ద్విదళ బీజపు చెట్టు కాబట్టి శాస్త్రం ప్రకారం అది 'కఠిన' దారువే! దక్షిణ అమెరికాలో పెరిగే బాల్సా సంగతి మరీ విచిత్రం. ఘనపు మీటరు నీరు 1000 కిలోలు తూగితే అంత బాల్సా సుమారు 160 కిలోలే తూగుతుంది. అదీ కఠిన దారువే. మరోవైపు యూ అనే వివృత బీజపు చెట్టు ఉంది. దాని కలప ఘనపు మీటరుకు సుమారు 670 కిలోలు, అంటే ఇంచుమించు మన టేకుతో సమానం. అయినా దాని పేరు 'మృదు' దారువు.

కోస్తా జిల్లాల విద్యార్థులకు ఇంకొక చిక్కు ప్రశ్న. సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలు చూశారు కదా! సూదుల వంటి ఆకులు, చిన్న శంకువుల వంటి కాయలు. చూడగానే పైన్ చెట్టేమో అనిపిస్తుంది. కాని సరుగుడు పూలు పూసే మొక్క, కఠిన దారువు. ఆ సూదులు నిజంగా ఆకులు కావు, సన్నని కొమ్మలు. వాటి కణుపుల దగ్గర పరిశీలిస్తే అతి చిన్న పొలుసులు కనిపిస్తాయి. అవే ఆకులు!

మరి తాటి దూలం మాట? తాడి, కొబ్బరి ఏకదళ బీజాలు. ఏటేటా ఒక్కొక్క వలయం చొప్పున లావెక్కే దారువు వాటికి ఉండదు. కాబట్టి తాటి దూలం ఎంత గట్టిదైనా ఈ రెండు జాబితాల్లో దేనిలోనూ చేరదు.

పేరును బట్టి కిటికీ కలప కొనడం ఎంత ప్రమాదమో తెలిసింది కదా! ఇక పేరు వదిలిపెట్టి చెక్క లోపలికి వెళదాం.

చెక్కలోని గొట్టాలు

చెట్టుకు దారువు ఎందుకు ఉన్నదో మీకు తెలుసు. వేరు పీల్చిన నీటిని ఆకుకు చేర్చాలి, చెట్టును నిలబెట్టాలి. మృదు దారువులో ఈ రెండు పనులనూ దాదాపుగా ఒకే రకం కణాలు చేస్తాయి. అవి దారుకణాలు. ఒక్కొక్కటి సుమారు 3, 4 మిల్లీమీటర్ల పొడవున సన్నని గొట్టంలా ఉంటుంది. మృదు దారువులో తొంభై శాతానికి పైగా ఉండేవి ఇవే.

కఠిన దారువులో పని విభజన జరిగింది. నీటిని మోయడానికి వెడల్పయిన దారు నాళాలు, బలానికి మందమైన గోడలున్న నారలు వేరువేరుగా ఏర్పడ్డాయి. అందుకే టేకు ముక్కను అడ్డంగా కోసి, పదునైన బ్లేడుతో నునుపు చేసి, భూతద్దంలో చూస్తే సూదితో గుచ్చినట్టు రంధ్రాలు కనిపిస్తాయి. పైన్ ముక్కలో అటువంటి నాళాల రంధ్రాలు కనిపించవు. రెండు రకాలనూ గుర్తుపట్టడానికి ఇదే తేలికైన పద్ధతి.

చెట్టు పలకగా మారినా గొట్టాలు గొట్టాలుగానే ఉండిపోతాయి. పలక మీది భాగం నుంచి కంటే, అడ్డంగా కోసిన కొస నుంచి నీరు ఎన్నో రెట్లు వేగంగా లోపలికి వెళుతుంది. ఇప్పుడు కిటికీ రెక్కను తలచుకోండి. పక్కన నిలువుగా ఉండే ముక్కల కొసలు కింది మూలల్లో తెరుచుకుని ఉంటాయి. వాన నీరు జారి జారి చేరేది కూడా అక్కడికే. కిటికీ కింది మూలల్లోనే ఎందుకు పుచ్చుతుందో అర్థమైంది కదూ!

చేవ ఉన్నదా, లేదా?

లావైన దుంగను అడ్డంగా కోస్తే చాలా చెట్లలో రెండు రంగులు కనిపిస్తాయి. చుట్టూ లేత రంగు పట్టీ. మధ్యలో ముదురు రంగు భాగం. బయటి పట్టీని రసదారువు అంటారు. చెట్టు బతికి ఉండగా నీటిని మోసేది, పిండి పదార్థాన్ని దాచుకునేది ఇదే. మధ్య భాగమే చేవ. "చేవగల మనిషి" అని మనం అనే మాట ఇక్కడి నుంచి వచ్చిందే.

చేవ ఎలా ఏర్పడుతుంది? వయసు పెరిగే కొద్దీ లోపలి దారువు నీటిని మోయడం మానేస్తుంది. దానిలోని జీవకణాలు చనిపోతూ కొన్ని ప్రత్యేక పదార్థాలను అక్కడ వదిలిపెడతాయి. అవి నూనెలు కావచ్చు, టానిన్‌లు కావచ్చు, రెజిన్‌లు కావచ్చు. వీటిలో చాలావరకు శిలీంధ్రాలకూ పురుగులకూ గిట్టనివి. టేకు చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంటుంది. చెదపురుగు టేకు చేవ జోలికి అంతగా పోకపోవడానికి ఇది ఒక కారణం. దీనికి తోడు టేకు నాళాల్లోకి పక్క కణాలు బుడగల్లా పొడుచుకు వచ్చి దారిని మూసివేస్తాయి. వీటిని టైలోజులు అంటారు. అందువల్ల నీరు ఎక్కడం కూడా తగ్గుతుంది.

మరి రసదారువు సంగతి? దానిలో ఈ కాపలాదారులు ఎవరూ లేరు. ఉన్నదల్లా పురుగులకు విందులాంటి పిండి పదార్థం. అందుచేత ఏ చెట్టుదైనా సరే, మందు పట్టించని రసదారువు మన్నదు. టేకు చెట్టు రసదారువుకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది. ఈ మాటను గట్టిగా గుర్తుంచుకోండి. "టేకు కిటికీ" అని ఎక్కువ ధర పెట్టి కొన్నదాంట్లో సగం లేత పసుపు రసదారువే ఉంటే, మనం కొన్నది టేకు పేరు మాత్రమే! తోటల్లో వేగంగా పెంచి, లేత వయసులోనే నరికిన చెట్లలో రసదారువు పాలు ఎక్కువగా ఉంటుంది. రంగు వేసిన తరువాత, పాలిష్ పట్టించిన తరువాత ఈ తేడా కనిపించదు. అందుకే చెక్కను చిత్రిక పట్టగానే, రంగు వేయకముందే చూడాలి.

డెహ్రాడూన్ 'శ్మశానం'

ఏ కలప చేవ ఎంతకాలం మన్నుతుందో చెప్పడం ఎలా? దీనికి ఒక ఓపికైన ప్రయోగం ఉంది. 1906లో డెహ్రాడూన్‌లో స్థాపించిన అటవీ పరిశోధన సంస్థలో దీనిని ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నారు. 60 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం ఉన్న చేవ ముక్కలను సగం వరకు భూమిలో పాతిపెడతారు. వరుసగా పాతిన ఆ ముక్కలు సమాధి రాళ్ళలా కనిపిస్తాయి. అందుకే ఆ స్థలాన్ని 'శ్మశానం' అనీ, ఆ పరీక్షను శ్మశాన పరీక్ష అనీ పిలుస్తారు. అప్పుడప్పుడు వెళ్ళి ఏది పుచ్చింది, ఏది నిలిచింది చూస్తారు.

సగటున 120 నెలలు, అంతకుమించి నిలిచినవి మొదటి తరగతి. 60 నుంచి 120 నెలల మధ్య నిలిచినవి రెండవ తరగతి. 60 నెలలైనా నిలవనివి మూడవ తరగతి. ఇవి తడి నేలలో పాతిన ముక్కల ఆయుర్దాయాలు సుమా! గోడలో ఉండే కిటికీ ఇంతకంటే చాలా ఎక్కువ కాలం మన్నుతుంది. కాని ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది ఈ పరీక్ష చెబుతుంది.

ఫలితాలు చూడండి. టేకు మొదటి తరగతి, కఠిన దారువు. దేవదారు కూడా మొదటి తరగతే. అది మృదు దారువు! మామిడి మూడవ తరగతి, కఠిన దారువు. హిమాలయాల్లోని చిర్ పైన్ మూడవ తరగతి, మృదు దారువు. అంటే రెండు వంశాల్లోనూ మొదటి తరగతి వాళ్ళున్నారు, మూడవ తరగతి వాళ్ళూ ఉన్నారు. ఆరిన టేకూ మామిడీ బరువులో పెద్ద తేడా లేనివి. మన్నికలో మాత్రం ఒకటి పై కొస, ఇంకొకటి కింది కొస. బరువు చూసి, గట్టిదనం చూసి మన్నికను కొలవలేమని దీనివల్ల తెలుస్తున్నది.

తేమ – అసలు శత్రువు

కలపను పుచ్చు పట్టించేవి శిలీంధ్రాలు. కొన్ని ముఖ్యంగా సెల్యులోజ్‌ను తిని, గోధుమరంగు ఘనాలుగా విరిగిపోయే చెక్కను మిగులుస్తాయి. మరికొన్ని లిగ్నిన్‌ను కూడా తిని, చెక్కను తెల్లని పీచులా చేస్తాయి. ఏ రకమైనా వాటికి ఆహారం, గాలి, తగిన వెచ్చదనం, తేమ కావాలి. మొదటి మూడింటినీ మనం ఆపలేము. మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే.

కలపలోని తేమను లెక్కించడం తేలిక. తడి ముక్క బరువులోంచి పూర్తిగా ఆరిన ముక్క బరువు తీసివేసి, వచ్చినదాన్ని ఆరిన బరువుతో భాగించి, 100తో హెచ్చించాలి. 58 గ్రాముల ముక్క ఆరిన తరువాత 50 గ్రాములైతే, తేమ 16 శాతం అన్నమాట. తేమ 20 శాతానికి లోపల ఉన్నంతకాలం పుచ్చు పట్టించే శిలీంధ్రం ఎదగలేదు. అప్పుడే నరికిన చెట్టులో తేమ ఇంతకంటే ఎంతో ఎక్కువ. అందుకే కలపను ఆరబెట్టి, ఊరి వాతావరణాన్ని బట్టి 10 నుంచి 16 శాతానికి తెచ్చి వాడతారు.

తేమతో ఇంకొక తంటా ఉంది. వానాకాలంలో కిటికీ రెక్క బిగుసుకుపోయి తెరుచుకోదు. వేసవిలో అదే రెక్క సందు వదులుతుంది. చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకుపోతుంది. తమాషా ఏమిటంటే పొడవులో ఈ మార్పు దాదాపు శూన్యం. అంతా వెడల్పులోనే. వెడల్పులో కూడా, వార్షిక వలయాల వెంబడి వచ్చే మార్పు, మధ్య నుంచి అంచు వైపు వచ్చే మార్పుకు ఇంచుమించు రెట్టింపు.

చిన్న లెక్క చేద్దాం. ఒక రెక్కలోని పలక వెడల్పు 300 మిల్లీమీటర్లు. వేసవిలో దానిలో తేమ 9 శాతం, వానల్లో 15 శాతం అనుకుందాం. తేడా 6. తేమ ఒక్క శాతం పెరిగితే టేకు వలయాల వెంబడి సుమారు 0.19 శాతం ఉబ్బుతుంది. పైన్ రకాలు సగటున 0.24 శాతం. విదేశాల్లో గట్టిదనానికి పేరుపడ్డ ఎర్ర ఓక్ 0.37 శాతం. ఈ లెక్కన పలక ఎంత పెరుగుతుంది? టేకు సుమారు 3.4 మిల్లీమీటర్లు, పైన్ 4.3 మిల్లీమీటర్లు, ఓక్ ఏకంగా 6.7 మిల్లీమీటర్లు! గట్టిదైన ఓక్, మెత్తనిదైన పైన్ కంటే ఎక్కువ కదులుతున్నది చూశారా? టేకును కిటికీలకు రాజుగా ఎంచడానికి దాని గట్టిదనం కంటే ఈ నిలకడే, చేవలోని రసాయనాలే ముఖ్య కారణాలు.

మెత్తని కలపకు మందు కనిపెట్టిన తెలుగువాడు

పైన్ వంటి కలప తనంతట తాను మన్నదు, నిజమే. కాని దానికి ఒక సుగుణం ఉంది. దాని రసదారువు మందును చక్కగా పీల్చుకుంటుంది. చేవ అలా పీల్చుకోదు. చెట్టుకు బలహీనత అనుకున్నదే ఇక్కడ మనకు పనికొస్తుంది!

మందు పట్టించే పద్ధతి ఇది. ఆరిన కలపను పెద్ద ఇనుప స్తూపంలో పెట్టి మూత బిగిస్తారు. పంపుతో లోపలి గాలిని లాగేస్తారు. చెక్క కణాల్లోని గాలి కూడా చాలావరకు బయటికి వచ్చేస్తుంది. అప్పుడు మందు ద్రావణాన్ని వదిలి, ఒత్తిడి పెంచుతారు. ఖాళీ అయిన కణాల్లోకి ద్రావణం దూసుకుపోతుంది. బ్రిటన్‌లో జాన్ బెథెల్ 1838లోనే ఈ పద్ధతికి పేటెంటు పొందాడు.

పద్ధతి ఉన్నా, మంచి మందు కావాలి కదా! నీటిలో కరిగే మందు వాడితే వాన నీటికి అదే మళ్ళీ కరిగి కొట్టుకుపోతుంది. ఈ చిక్కును విడదీసినవాడు సొంటి కామేశం అనే తెలుగు శాస్త్రజ్ఞుడు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933లో ఆయన రాగి, ఆర్సెనిక్ లవణాలకు డైక్రోమేటును జోడించాడు. రాగి శిలీంధ్రాలను, ఆర్సెనిక్ పురుగులను అడ్డుకుంటాయి. క్రోమియం ఆ రెండింటినీ చెక్క కణాల్లో కరగని రూపంలో పట్టి ఉంచుతుంది. ఈ మందుకు ఆస్కూ అని పేరు పెట్టారు. ఆర్సెనిక్ సంకేతంలోని 'ఆస్', రాగి సంకేతమైన 'క్యూ' కలిసిన పేరది. ఆ తరువాత దశాబ్దాల పాటు ప్రపంచమంతటా విద్యుత్ స్తంభాలనూ, ఇళ్ళ కలపనూ కాపాడింది ఈ రకం మందే.

ఆర్సెనిక్ మనిషికి కూడా విషమే. అందుచేత 2003 చివరి నుంచి అమెరికాలో ఇళ్ళ అవసరాలకు వాడే కలపకు ఈ మందు పట్టించడం మానివేశారు. యూరప్‌లోనూ 2004 నుంచి ఆంక్షలు వచ్చాయి. ఇప్పుడు ఆర్సెనిక్ లేకుండా రాగితో ఇతర రసాయనాలను కలిపిన మందులు వచ్చాయి. ఇంటి కిటికీకి అటువంటి మందు పట్టించిన కలపనే అడగాలి. ఏ మందైనా సరే, మందు పట్టించిన చెక్క ముక్కలను పొయ్యిలో పెట్టకూడదు. ఆ పొగ ప్రమాదకరం.

మెత్తని కలప ఎంతకాలం?

'మెత్తని కలప ఎంత జాగ్రత్తగా చూసినా ఎంతకాలం నిలుస్తుందిలే' అనుకునేవారికి జపాన్ సమాధానం చెబుతుంది. నారా దగ్గర హోర్యూజీ అనే బౌద్ధాలయం ఉంది. అక్కడి కట్టడాలు సుమారు 1300 ఏళ్ళ నాటివి. ప్రపంచంలో నిలిచి ఉన్న చెక్క కట్టడాలలో అతి పురాతనమైనవిగా వాటిని లెక్కిస్తారు. అవి హినోకి అనే మృదు దారువుతో కట్టినవి. నార్వేలోని బోర్గుండ్ చర్చి పైన్ కలపతో సుమారు 800 ఏళ్ళ క్రితం కట్టినది. మన దేశంలో కార్లే గుహాలయపు కప్పుకు ఉన్న టేకు దూలాలు సుమారు 2000 ఏళ్ళ నాటివని చరిత్రకారులు చెబుతారు. అది కఠిన దారువు.

ఈ మూడింటిలో ఉమ్మడి గుణం ఏమిటి? చేవ ఉన్న కలపను ఎంచుకున్నారు. దాని మీద నీరు నిలవకుండా చూశారు. హోర్యూజీకి వెడల్పయిన చూరులు, బోర్గుండ్‌కు నిటారైన కప్పులు, కార్లేకు కొండరాయి గొడుగు పట్టాయి.

అయితే ఏది కొనాలి?

ఇప్పుడు అడితికి తిరిగి వెళదాం. ముందుగా కిటికీ ఎక్కడ ఉంటుందో ఆలోచించండి. సన్‌షేడ్ లేక, వాన జల్లు నేరుగా కొట్టే గోడకైతే మొదటి తరగతి చేవ కావాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మరీ ముఖ్యం. వరండా లోపలి కిటికీకి, వెడల్పయిన సన్‌షేడ్ కింది కిటికీకి, బాగా ఆరబెట్టి మందు పట్టించిన పైన్ చక్కగా సరిపోతుంది. దానికి మూడింతల ధర పోయడం దండగ.

రెండవది, కిటికీ అంతా ఒకే కలప కానక్కరలేదు. గోడలో ఇమిడిపోయే చట్రాన్ని కొన్ని ఊళ్ళలో చౌకట్టు అంటారు. గోడ తేమ, చెద మొదట తగిలేది దానికే; మార్చడం కూడా కష్టం. కాబట్టి మన్నికైన కలపను ముందు దానికి వాడాలి. రెక్కలు తేలికగా, వంకర పోకుండా ఉండాలి. అవి పాడైనా విప్పి మార్చుకోవచ్చు. చట్రానికి టేకు చేవ, రెక్కలకు మందు పట్టించిన పైన్ – ఇది చెడ్డ ఏర్పాటేమీ కాదు.

మూడవది, ధరను ఒంటరిగా చూడకండి. ధరను మన్నే సంవత్సరాలతో భాగించండి. మూడింతల ధర పెట్టిన కిటికీ అయిదింతల కాలం నిలిస్తే అదే చవక. మూడింతల ధర పెట్టినా అంతే కాలం నిలిస్తే నష్టం. అంతేకాదు, పుచ్చింది కింది అడ్డముక్క ఒక్కటే అయితే ఆ ముక్కను మాత్రం మార్పించవచ్చు. చేవ చెడని పాత టేకును పారేసి లేత కొత్త టేకు తెచ్చుకోవడం తెలివైన పని కాదు. ఒక చెట్టు కూడా మిగులుతుంది.

నాలుగవది, వడ్రంగికి చెప్పవలసిన మాటలు. నిలువు ముక్కల కింది కొసలకు బిగించకముందే రంగో నూనెో రెండు మూడు పూతలు పట్టించాలి. కింది అడ్డముక్క బయటికి వాలుగా ఉండాలి. దాని అడుగున ఒక సన్నని గాడి తీయించాలి. జారిన నీటిచుక్క ఆ గాడి దగ్గర ఆగి కిందికి పడిపోతుంది, గోడలోకి పాకదు. ఖర్చు స్వల్పం, ఫలితం ఎక్కువ.

మీరే చేసి చూడండి

వడ్రంగి పనిచేసే చోట నుంచి టేకు, మామిడి, వేప చెక్కల పనికిరాని ముక్కలు అడిగి తెచ్చుకోండి. యంత్రాలు వచ్చే పాకింగ్ పెట్టెల చెక్క తరచుగా పైన్. అదీ ఒక ముక్క సంపాదించండి. అన్నీ అగ్గిపెట్టె అంత పరిమాణంలో ఉండాలి. మీ ఉపాధ్యాయుని సాయంతో కొసలను నునుపు చేయించి భూతద్దంలో చూడండి. నాళాల రంధ్రాలున్నవి ఏవి, లేనివి ఏవి?

తరువాత ఒక్కొక్కదాన్ని తూచి, కొలిచి, పేరు రాసి, ఒక రోజంతా నీటిలో ముంచి ఉంచండి. తేలిపోకుండా పైన రాయి పెట్టండి. మరునాడు తీసి తుడిచి మళ్ళీ తూచండి, కొలవండి. పొడవు ఎంత పెరిగింది? వెడల్పు ఎంత? ఏ ముక్క ఎక్కువ నీరు తాగింది? టేకు ముక్కల్లో చేవ ఒకటి, రసదారువు ఒకటి దొరికితే రెండింటినీ పోల్చండి. అంకెలను పట్టికగా రాసి పెట్టుకోండి.

ఈసారి మీ ఇంటికో, బంధువుల ఇంటికో కిటికీలు మార్చవలసి వచ్చినప్పుడు ఆ పట్టికను వెంట తీసుకువెళ్ళండి. "ఇది గట్టి కలపా, మెత్తని కలపా?" అనే ప్రశ్నకు బదులు మూడు ప్రశ్నలు అడగండి: "ఇందులో చేవ ఎంత? తేమ ఎంత? మందు పట్టించారా?" జవాబులు సరిగా వస్తే కలప ఏ వంశానిదైనా మీ కిటికీ పది కాలాల పాటు నిలుస్తుంది.